ఊటీ, కూనూర్ టీ తోటలు, తోడాల ఊళ్ళు చూడ్డానికి రెండు రోజులు సరిపోతాయా?

సరిపోవండి. పాయింట్లన్నీ చుట్టేసి ఫొటోలు దిగి వచ్చేయడానికైతే ఒక్కరోజు చాలు, కానీ మీరు అక్కడి కొండల గిరిజనులు తోడాల ఊళ్ళు కూడా చూడాలన్నారు కదా, నాలుగు రోజులైనా పెట్టుకోండి.

మాది బొబ్బిలి. మొన్న డిసెంబర్లో అమ్మని తీసుకుని విజయనగరంలో బొకారో ఎక్స్‌ప్రెస్ ఎక్కి కోయంబత్తూరులో దిగి, మేట్టుపాళయం నుంచి కొండ రైలెక్కాం. 46 కిలోమీటర్లకి దాదాపు ఐదు గంటలు పడుతుంది, టికెట్లు ముందే చేయించుకోండి. పట్టాల మధ్యలో ఇంకో పళ్ళ పట్టా ఉంటుంది, ఇంజన్ కింది చక్రం దాన్ని పట్టుకుని ఎక్కుతుంది, 1899లోనే కూనూర్ దాకా వేశారు దీన్ని. సొంత కారైతే ఊటీ వెళ్ళడానికి 2024 నుంచి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్‌లో తీసుకునే అనుమతి, తప్పనిసరి.

టీ ఫ్యాక్టరీ తప్పకుండా చూడండి. నాలుగు కిలోలకి పైగా పచ్చాకు వాడబెట్టి, నలిపి, ఆరబెడితే కిలో పొడి వస్తుంది. వ్యూపాయింట్ల దగ్గర మాత్రం కొనకండి, మేము కొన్న డబ్బాలో సగం పుల్లలే, ఇంటికొచ్చాక గానీ తెలీలేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది అక్కడ కొన్న ఒక శాలువా సంగతి. ఊటీ దగ్గర ఒక తోడా ఊరికి వెళ్ళాం, ఆ ఊళ్ళని మంద్ అంటారు, గేదెల్ని మేపుకునే జనం కదా, నాకు మన మంద గుర్తొచ్చింది. మా వ్యాన్లో వచ్చినాయన ఒకడు చెప్పులతోనే వాళ్ళ గుడి దగ్గరకెళ్ళి సెల్ఫీ తీసుకుంటున్నాడు, ఎంత సిగ్గేసిందో. అక్కడ అరుగు మీద ఒక ముసలామె తెల్ల ముతక గుడ్డ మీద ఎర్ర దారం, నల్ల దారం కుడుతోంది. మూడున్నర వేలు చెప్పింది. మా అమ్మ వెంటనే "శాలువాకి అంతేటమ్మా, రెండు వేలు చేసుకో" అని మొదలెట్టింది. డ్రైవర్ తమిళంలో చెప్పాడు. ఆమె ఏమీ అనలేదు, గుడ్డ తిరగేసి ఒళ్ళో పరిచి మళ్ళీ కుట్టడం మొదలెట్టింది. కింద గీసిన ముగ్గు లేదు, బిగించిన ఫ్రేమ్ లేదు, పెదాలు కదుపుతూ నేతలో పోగులు లెక్కపెట్టుకుని సూది దించుతోంది. దారం ఉచ్చుల్లా పైకి లేచి ఉండే వైపు, మనం తిరగ అనుకునేదే, వాళ్ళకి మంచి వైపట. అమ్మ చాలాసేపు చూసి "గొల్లపల్లిలో వీణ బేరమాడినోళ్ళని నువ్వు తిడతావు కదరా, ఇచ్చీరా డబ్బులు" అంది. ఈ పనికి 2013లో జీఐ ట్యాగ్, అంటే ఫలానా చోటి సరుకు అనే గుర్తింపు, వచ్చింది, ఆ గొల్లపల్లిలో చేసే మన బొబ్బిలి వీణకున్నట్టే.

ఇంకో మాట. తోడాల కోసం వెయ్యి కిలోమీటర్లు దాటి వెళ్ళాను గానీ, ఇక్కడ సీతంపేట కొండల్లో సవర గిరిజనుల ఊళ్ళకి అప్పటిదాకా వెళ్ళనే లేదు. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారికి పుట్టినరోజని ఆగస్టు 29న దండేసి వాడుక భాష అని రెండు ముక్కలు మాట్లాడతారు, అంతే. ఆయన సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసి, సవర పిల్లలకి సొంత డబ్బుతో బడి పెట్టారని, ఆ అడవుల్లో మలేరియా పట్టి క్వినైన్ మింగి చెవుడు తెచ్చుకున్నారని మాకు బడిలో ఒక్క మాస్టారూ చెప్పలేదు.

సంక్రాంతి వెళ్ళాక సీతంపేట సంతకి వెళ్ళాం. అమ్మ ఆ శాలువా కప్పుకునే వచ్చింది. కొండచీపుర్లు అమ్ముతున్న సవర అవ్వ ఒకావిడ శాలువా అంచు పట్టుకుని, తిరగేసి, ఆ ఉచ్చుల మీద వేలు రాసి "ఎవులు కుట్టినారమ్మా?" అని అడిగింది. అమ్మ పక్కనే కూలబడి చెప్పడం మొదలెట్టింది, మేము ఎక్కాల్సిన బస్సు వెళ్ళిపోయింది.