మీ ప్రశ్నలు, మా జవాబులు: అందంగా లేని క్రీస్తు

ప్రశ్న: ఆధునిక చిత్రకారులు వేసిన యేసు బొమ్మలు చూస్తే నాకు భక్తి రాదు సరికదా, భయం వేస్తుంది. వంకర మొహాలు, బొగ్గుతో గీసినట్టు నల్లటి గీతలు. పాతవాళ్లు ఎంత అందంగా వేసేవారు! వీళ్లకి బొమ్మ వేయడం రాకా, విశ్వాసం లేకా?

జవాబు: రెండూ కాదు. అసలు పాతవాళ్లంతా అందంగానే వేశారన్నది కూడా నిజం కాదు. ఈజెన్‌హైమ్ మఠం కోసం 1512-1516 మధ్య జర్మన్ చిత్రకారుడు గ్రూనెవాల్డ్ వేసిన సిలువ చిత్రం ఒకసారి చూడండి. ఒంటినిండా పుళ్లు, రంగు తిరిగిపోయిన చర్మం, మేకు దిగిన చేతికి కొంకర్లు పోయిన వేళ్లు. ఆ మఠంలో ఆసుపత్రి ఉండేది. బూజు పట్టిన రై అనే ధాన్యం తిని ఒళ్లు కుళ్లిపోయే జబ్బు తెచ్చుకున్నవాళ్లు అక్కడికి వచ్చేవారు, వాళ్ల కళ్లముందు పెట్టిన బొమ్మ అది. నున్నగా, తెల్లగా, ఇప్పుడే స్నానం చేసి వచ్చినట్టుండే క్రీస్తుని వాళ్లకి చూపిస్తే ఏం లాభం?

ఇక గ్రంథం సంగతికొస్తే, యెషయా 53లో "అతనికి సురూపమైనను సొగసైనను లేదు" అని ఉంది. గుడ్ ఫ్రైడే రోజున ఆ అధ్యాయం చదువుకుంటాం, ఇంటికొచ్చి గోడమీద సొగసైన బొమ్మ తగిలించుకుంటాం. తప్పని అనను గానీ, రెండిటికీ పొంతన లేదని మాత్రం ఒప్పుకోవాలి.

మీరు చెప్పిన నల్లగీతలు బహుశా ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ రువోవి (1871-1958). ఈయన పద్నాలుగో ఏట పాత చర్చిల రంగుటద్దాల కిటికీలు బాగుచేసే చోట పనికి కుదిరాడు. ఆ కిటికీలో ఒక్కో గాజుముక్కనీ సీసపు పట్టీ పట్టుకుని ఉంటుంది, వెనకనుంచి ఎండ పడితే ముక్క వెలుగుతుంది, పట్టీ నల్లగా నిలబడుతుంది. 1932లో ఆయన వేసిన 'సైనికులు అపహసించిన క్రీస్తు' న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది, ఇంటర్నెట్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. దాన్ని ఫోన్‌లో బాగా పెద్దది చేసి చూడండి. తల వాల్చేసి కూర్చున్న ఆ మనిషి భుజం చుట్టూ, పక్కటెముకల చుట్టూ తిరిగిన నల్లగీత అచ్చం ఆ సీసపు పట్టీ పనే చేస్తోంది. మధ్యలో ఎరుపూ నీలమూ పొరమీద పొర. వెలుగు ఎక్కడో బయటనుంచి ఆయన మీద పడట్లేదు, ఆ దెబ్బలు తిన్న ఒంట్లోంచే వస్తోంది.

అదే గీతతో ఆయన సర్కస్ జోకర్లనీ, వేశ్యలనీ, జడ్జీలనీ వేశాడు. జోకర్ మొహాన్నీ క్రీస్తు మొహాన్నీ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటారు. ఇది చేతకాక వచ్చిన పోలిక కాదు. "మిక్కిలి అల్పులైన ఈ నా సహోదరులలో ఒకనికి" చేసింది నాకు చేసినట్టే అన్న మత్తయి సువార్త మాటని ఆయన నిజంగానే నమ్మాడు, నమ్మినట్టే వేశాడు. అయినా మీ బాధ నాకు తెలుసు. రువో ఎంతో గౌరవించిన కాథలిక్ రచయిత లియోన్ బ్లోయ్‌కే ఈ బొమ్మలు గిట్టలేదు, నీకు వికారమే నచ్చుతుందని మొహమాటం లేకుండా ఉత్తరం రాసేశాడు. కాబట్టి మీరు ఒంటరి కాదు.

మరి అందమైన ఆధునిక సిలువ లేదా అంటే ఉంది. సాల్వడార్ డాలీ 1951లో వేసినది గ్లాస్గోలో ఉంది. సిలువని పైనుంచి చూస్తాం. మేకుల్లేవు, రక్తం లేదు, ముళ్లకిరీటం లేదు. మోడల్‌గా ఒక హాలీవుడ్ స్టంట్‌మ్యాన్‌ని వేలాడదీసి మరీ వేశాడు, ఆ కండలు చూస్తే తెలిసిపోతుంది. 1952లో గ్లాస్గో నగరం దాన్ని 8,200 పౌండ్లకి కొంటే అంత డబ్బా అని గొడవ జరిగింది. జనానికి మాత్రం విపరీతంగా నచ్చింది. చిత్రం గొప్పదే, ఆ చీకట్లో అలా తేలుతున్న సిలువని చూసి ఎవరైనా ఆగిపోతారు. కానీ నన్నడిగితే, మేకులు తీసేసినప్పుడు ఏదో ఒకటి పోయింది. గాయాలు లేకపోతే, వేలు పెట్టి చూస్తేగానీ నమ్మనన్న తోమా వేలు ఎక్కడ పెడతాడు?

ప్రశ్న: పది ఆజ్ఞల్లో రెండోదే విగ్రహాలు వద్దంటోంది కదా. అసలు యేసుని బొమ్మగా వేయడమే పాపం కాదా?

జవాబు: ఈ తగాదా సంఘంలో వెయ్యేళ్లకి పైబడింది. 787లో నైసియాలో జరిగిన మహాసభ బొమ్మని గౌరవించడం వేరు, ఆరాధించడం వేరు, ఆరాధన దేవుడికే అని తేల్చింది. దేవుడు శరీరధారి అయ్యాడు కాబట్టి ఆ శరీరాన్ని గీయొచ్చు అన్నది అటువైపు వాదం. ప్రొటెస్టెంటు సంస్కరణోద్యమంలో కాల్విన్ వైపువాళ్లు మళ్లీ కుదరదన్నారు, చర్చి గోడలకి సున్నం కొట్టేశారు. మీ సంఘం ఏ వైపుదో నాకు తెలియదు, మీ పాస్టరుగారితో గొడవ పెట్టుకోమని నేను చెప్పను. నామట్టుకు నాకు 787 వాదమే సబబుగా ఉంది.

ప్రశ్న: నమ్మకం లేనివాళ్లు, వేరే మతంవాళ్లు సిలువ వేస్తే దాన్ని క్రైస్తవ చిత్రం అనొచ్చా?

జవాబు: ఇదే ప్రశ్న ఫ్రాన్సులో ఒక చర్చిని కుదిపేసింది. ఆల్ప్స్ కొండల్లో అస్సీ అనే చోట క్షయరోగుల శానటోరియంలు ఉండేవి, వాళ్లకోసమే కట్టిన ఆ చర్చిని 1950లో ప్రతిష్ఠించారు. డొమినికన్ అనే కాథలిక్ సన్యాసుల సంఘానికి చెందిన కూతూరియే అనే ఫాదర్ దానికి ఎవరిని పిలిచాడో చూడండి: రువో సరే, ఆయన భక్తుడు. కానీ ముఖద్వారం మీద మొజాయిక్ చేసిన లెజే కమ్యూనిస్టు, షగాల్ యూదుడు. ప్రతిభలేని భక్తుడికన్నా భక్తిలేని ప్రతిభావంతుడే మేలన్నది ఆ ఫాదర్‌గారి లెక్క. దేవుడు బిలాము గాడిదచేత కూడా మాట్లాడించాడుగా మరి!

గొడవ మాత్రం జెర్మేన్ రిషియే చేసిన కంచు సిలువ మీద వచ్చింది (అది బొమ్మ కాదు, శిల్పం, అయినా చెప్పకుండా ఉండలేను). ఒళ్లూ కొయ్యా కలిసిపోయి ఎండిన కొమ్మలా ఉంటుంది, మొహం పోల్చుకోలేం. దైవదూషణ అన్నారు. 1951లో బిషప్‌గారు బలిపీఠం మీదనుంచి తీయించేశారు. అది మళ్లీ పీఠం మీదికి రావడానికి 1969 దాకా పట్టింది. గ్రూనెవాల్డ్ ముందు ఆ పుళ్లవాళ్లు, ఈ సిలువ ముందు ఈ క్షయరోగులు. ఇలాంటి బొమ్మలు అసహ్యంగా ఉన్నాయనేవాళ్లలో ఎక్కువమంది ఒళ్లు బాగున్నవాళ్లే అయ్యుంటారని నా అనుమానం.

షగాల్ 1938లో వేసిన 'శ్వేత సిలువ' షికాగోలో ఉంది. అందులో యేసు నడుముకి చుట్టినది మామూలు గుడ్డ కాదు, నల్లచారల యూదు ప్రార్థనా శాలువా. తలమీద ముళ్లకిరీటం బదులు తలగుడ్డ. చుట్టూ యెరూషలేము లేదు. తగలబడుతున్న యూదుల సమాజమందిరం, తలకిందులైన ఇళ్లు, పడవలో పారిపోతున్న జనం. అదే ఏడాది నవంబరులో జర్మనీలో యూదుల ప్రార్థనా మందిరాలని నిజంగానే తగలబెట్టారు. ఆ పని చేసిన దేశంలో చర్చికి వెళ్లేవాళ్లకి తక్కువేమీ లేదు. యేసు యూదుడని చర్చి మర్చిపోతే, చర్చికి చెందని ఒక మనిషి శాలువా కప్పి మరీ గుర్తుచేశాడు. దీన్ని క్రైస్తవ చిత్రం అనొచ్చా అంటే, నేను అదే ప్రశ్నని తిప్పి అడుగుతాను: ఇందులో చెప్పినదాంట్లో సువార్తకి విరుద్ధమైనది ఏముంది?

దీనికి వ్యతిరేక ఉదాహరణ జర్మన్ చిత్రకారుడు ఎమిల్ నోల్డే. భక్తిగల ప్రొటెస్టెంటు కుటుంబం, 1911-12లో తొమ్మిది కాన్వాసుల్లో క్రీస్తు జీవితం వేశాడు. రంగులు మండిపోతుంటాయి. ఆ మనిషే నాజీ పార్టీలో చేరాడు, యూదులంటే ద్వేషం. నాజీలేమో అవే బొమ్మల్ని 1937లో 'దిగజారిన కళ' అని మ్యూనిక్‌లో జనానికి చూపించి వెక్కిరించారు. చిత్రకారుడి విశ్వాసం చూసి బొమ్మకి మార్కులు వేద్దామంటే ఇక్కడ లెక్క కుదరదు.

ప్రశ్న: తెల్లటి కాన్వాసు మీద నిలువుగా నల్లచారలు గీసి 'సిలువ మార్గం' అని పేరు పెట్టారట. ఇది మోసం కాదా?

జవాబు: అమెరికా చిత్రకారుడు బార్నెట్ న్యూమన్ గురించి అడుగుతున్నారు. మొదటిసారి చూసినప్పుడు నాకూ అలాగే అనిపించింది. 1958 నుంచి 1966 దాకా వేసిన 14 చిత్రాలవి, ఒక్కోటీ మనిషికన్నా కొంచెం ఎత్తు. సిలువ మార్గం అంటే యేసు సిలువ మోసిన దారిలోని పద్నాలుగు ఘట్టాలు, వాటినే స్థలాలంటారు. యేసు మూడుసార్లు పడటం, తల్లి ఎదురవడం, వెరోనికా గుడ్డ ఇవేవీ వెతక్కండి, దొరకవు. న్యూమన్ పెట్టిన ఉపశీర్షిక 'లెమా సబక్తానీ', యేసు సిలువమీద వేసిన కేక. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అన్న ఆ ఒక్క కేకే పద్నాలుగు స్థలాల్లోనూ ఉందని ఆయన ఉద్దేశం. ఆ కేకకి సువార్తలో ఆ క్షణాన జవాబు లేదు. బొమ్మలోనూ లేదు. కాన్వాసుకి టేపు అంటించి, దానిమీదుగా పొడి బ్రష్‌తో నల్లరంగు లాగి, తర్వాత టేపు పీకేసిన చోట రంగు తగలని గుడ్డ సన్నటి చారలా మిగిలి ఉంటుంది, అంచుల్లో రంగు చెదిరి పీచుపీచుగా. మోసం చేయాలనుకున్నవాడు ఎనిమిదేళ్లు కూర్చోడు. అయితే ఇవి ఫోటోలో చూస్తే తేలిపోతాయి, ఎదురుగా నిలబడాల్సిందే, అది అందరికీ కుదరదు. కాబట్టి మీకు నచ్చకపోతే నేనేమీ అనుకోను.

ప్రశ్న: ఇవన్నీ సరే, కొత్తగా చూడటం మొదలుపెట్టేవాళ్లకి ఏదైనా ఒక్క చిత్రం చెప్పండి.

జవాబు: వాన్ గో, 'లాజరు పునరుత్థానం', 1890. పాస్టరుగారి అబ్బాయి, తనూ బొగ్గుగనుల పల్లెల్లో సువార్త చెప్పి, కుదరక బయటికొచ్చినవాడు. ఒలీవ తోటలో క్రీస్తుని వేయబోయి, ఎదురుగా మనిషి లేకుండా వేయకూడదని 1888లో రెండుసార్లు గీకేశాడు. ఈ లాజరుకి ఆధారం రెంబ్రాంట్ ముద్రాచిత్రం. అందులో యేసు చెయ్యెత్తి నిలబడి ఉంటాడు. వాన్ గో ఆ చిత్రంలో లాజరునీ అతని ఇద్దరు అక్కచెల్లెళ్లనీ మాత్రం తీసుకుని, యేసుని వదిలేశాడు. వెనక పెద్ద పసుపుపచ్చ సూర్యుణ్ణి పెట్టాడు. లాజరు మొహం పాలిపోయి ఉంది, ఎర్రగడ్డం, వాన్ గో పోలికే. లేస్తున్నాడు గానీ ఇంకా పూర్తిగా లేవలేదు. అతని మొహం మీది గుడ్డ తీసిన ఆమె చేతులు గాల్లోనే ఉన్నాయి. ముందు ఆ చేతులు చూడండి, సూర్యుడి సంగతి తర్వాత.