భోగి మంటల నుంచి సూర్యోదయం దాకా: టైమ్‌ల్యాప్స్ ఎందుకు మిణుకుతోంది?

ప్రశ్న: భోగి తెల్లవారుజామున ఉప్పల్‌లో మా మేడ మీద ట్రైపాడ్ పెట్టి, కింద మంటలు మొదలైనప్పటి నుంచి ఎండ వచ్చేదాకా టైమ్‌ల్యాప్స్ (వరుస ఫొటోలను కలిపి వేగంగా నడిపే వీడియో) తీశాను. మాన్యువల్‌లో (సెట్టింగులన్నీ మనమే పెట్టే మోడ్) పెడితే సూర్యుడు రాకముందే ఫ్రేమ్ తెల్లగా పాలిపోయింది. మర్నాడు అపర్చర్ ప్రయారిటీ మోడ్‌లో (డయల్ మీద A, షట్టర్‌ని కెమెరానే ఎంచుకుంటుంది) తీస్తే వీడియో పాడైన ట్యూబ్‌లైట్‌లా కొట్టుకుంటోంది. నాది ఎంట్రీ లెవల్ డీఎస్ఎల్ఆర్, 18-55 కిట్ లెన్స్. కెమెరా మార్చాలా?

జవాబు: అక్కర్లేదు, డబ్బులు జేబులోనే ఉంచుకోండి.

చీకట్లో మీరు షట్టర్ 4 సెకన్లు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 800 పెట్టారనుకుందాం. సూర్యుడు వచ్చేసరికి అదే అపర్చర్‌కి (లెన్స్ లోపలి రంధ్రం సైజు) సెకనులో 250వ వంతు, ఐఎస్ఓ 100 సరిపోతాయి. ఒక స్టాప్ అంటే వెలుతురు రెట్టింపు లేదా సగం కావడం. షట్టర్‌లో 10 స్టాపులు, ఐఎస్ఓలో 3, మొత్తం 13. అంటే వెలుతురు దాదాపు 8 వేల రెట్లు పెరిగినట్టు. ఒకే సెట్టింగ్‌తో దీన్ని దాటడం ఏ కెమెరా వల్లా కాదు.

అపర్చర్ ప్రయారిటీలో తంటా వేరు. ప్రతి ఫొటోకీ వెలుతురు కొలిచే మీటర్ మళ్లీ మొదటి నుంచి లెక్క వేసుకుంటుంది. కింద ఎవరో మంటలో పాత కుర్చీ పడేస్తారు, ఓ బైక్ హెడ్‌లైట్ ఇటు తిరుగుతుంది, ఎక్స్‌పోజర్ మూడో వంతు స్టాప్ అటూ ఇటూ ఊగుతుంది. వీడియోలో అదే మిణుకు. పైగా మీటర్‌కి చీకటంటే పడదు, ఐదింటి రాత్రిని ఏడింటి పొద్దులా చూపిస్తుంది. (నికాన్ కొన్ని మోడళ్లలో ఎక్స్‌పోజర్ స్మూతింగ్ అనే సెట్టింగ్ ఈ ఊగిసలాటను తగ్గిస్తుంది. మీ మెనూలో ఉందేమో చూడండి.)

నా ఓటు మాన్యువల్‌కే, కాకపోతే దగ్గర కూర్చుని మార్చుకుంటూ వెళ్లాలి. జనవరి మధ్యలో మన దగ్గర సూర్యోదయం 6.50 ప్రాంతంలో. 5.20కి మొదలుపెట్టి 15 సెకన్లకో ఫొటో తీస్తే ఏడింటికి 400 ఫొటోలు. 25 ఫ్రేముల లెక్కన 16 సెకన్ల వీడియో. షట్టర్ 4 సెకన్లు పోగా, డయల్ తిప్పడానికి 11 సెకన్లు మిగులుతాయి.

నగరం లైట్ల వెలుగు ఆకాశంలో ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆరు దాకా పెద్దగా తేడా ఉండదు, టీ తాగొచ్చు. ఆ తర్వాతే అసలు పని. దాదాపు నాలుగు నిమిషాలకో స్టాప్ తగ్గించాలి, అంటే షట్టర్ డయల్ మీద మూడు క్లిక్కులు. ముందు ఐఎస్ఓని 100కి దించండి, తర్వాత షట్టర్ జోలికి వెళ్లండి. ఐఎస్ఓ ఒక్కసారిగా ఒక స్టాప్ దిగితే టెన్షన్ వద్దు. హిస్టోగ్రామ్ (ఫొటోలోని చీకటిని ఎడమన, వెలుగును కుడిన చూపే గ్రాఫ్) కుడి గోడకి ఆనకుండా చూసుకుంటే చాలు. సూర్యుడి బింబం తెల్లగా కాలిపోతుంది, పోనివ్వండి. దాన్ని కాపాడబోతే మేడలన్నీ నల్లబడతాయి.

లెన్స్‌ని 18 ఎంఎం దగ్గర ఎఫ్/3.5లోనే ఉంచండి. అపర్చర్ మూస్తే దాని రెక్కలు ప్రతి ఫొటోకీ సరిగ్గా ఒకే చోట ఆగవు, మిణుకుకి అదీ ఒక కారణం. పూర్తిగా తెరిచి ఉంచితే ఆ రెక్కలు కదలవు. రా ఫార్మాట్, మాన్యువల్ ఫోకస్, మార్చని వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) తప్పనిసరి. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపేయండి. లేకపోతే 4 సెకన్ల ఫొటోకి ఇంకో 4 సెకన్లు తినేస్తుంది.

మీరు మార్చిన చోటల్లా వీడియోలో మెట్లు కనిపిస్తాయి. వాటిని చదును చేయడానికే ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. లైట్‌రూమ్‌తో కలిపి వాడాలి. అందులోని హోలీ గ్రెయిల్ విజార్డ్ ప్రతి ఫొటో సెట్టింగులు చదివి, మెట్టును ముందూ వెనకా ఫొటోల మీదికి పరిచేస్తుంది. మిగిలిన చిన్న మిణుకుకి అందులోనే డీఫ్లికర్ అనే టూల్ ఉంది. ఉచిత వెర్షన్ 400 ఫొటోల వరకే తీసుకుంటుంది. పైన 15 సెకన్ల లెక్క అందుకే వేశాను.

ఒక్కటి మాత్రం నా అనుభవం. నిరుడు చలికాలంలో క్లిక్కులన్నీ వేళకి తిప్పాను, హిస్టోగ్రామ్ కూడా బ్రహ్మాండం. ఇంటికొచ్చి చూస్తే ఆరుంపావు నుంచి అన్నీ పాలమీగడే. లెన్స్ మీద మంచు పట్టింది. అప్పటి నుంచి యూఎస్‌బీ లెన్స్ హీటర్ పట్టీని పవర్‌బ్యాంక్‌కి తగిలించి లెన్స్ చుట్టూ కట్టేస్తున్నాను.