పాఠకుల ప్రశ్నలు: విల్లుకు సైటు

ప్రశ్న: పాత రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంగినది) దొరికింది, సైటు, అంటే గురి చూసే పరికరం లేదు. పైకీ కిందికీ, పక్కలకీ జరిగే సైటును లేత్ షాపులో చేయించుకోవచ్చా? 30 నుంచి 70 మీటర్ల దాకా పనికిరావాలి.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: చేయించుకోవచ్చు. అయితే తప్పు మొదటి స్క్రూ దగ్గరే జరుగుతుంది. రైజర్ (విల్లు మధ్యలో చేత్తో పట్టుకునే భాగం) పక్కన సైటు కోసం రెండు రంధ్రాలుంటాయి, మధ్య దూరం 33.3 మి.మీ. వాటి మర 10-24, అంటే అంగుళానికి 24 చుట్లు. లావు ఇంచుమించు ఎం5 (5 మి.మీ. మెట్రిక్ మర) అంతే కాబట్టి షాపువాళ్లు ఎం5 స్క్రూ చేతిలో పెడతారు. ఒకటి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. ఇంకాస్త బలం పెట్టారంటే రైజర్ మర పోయినట్టే. సైటు పాడైతే ఇంకోటి చేసుకోవచ్చు, రైజర్ అలా కాదు.

సైటు విల్లుకు ముందుకు 15 సెం.మీ. రావడానికి 20×6 మి.మీ. అల్యూమినియం పట్టీ చాలు. దాని కొసన 14 సెం.మీ. నిలువు పట్టీ, పక్కనే ఎం6 మరకడ్డీ, కడ్డీ మీద ఇత్తడి దిమ్మ. దిమ్మ వీపు పట్టీని ఆనుకునే జారాలి, లేకుంటే కడ్డీతో పాటు గిర్రున తిరుగుతుంది. పక్కల సవరణకు దిమ్మలో అడ్డంగా ఎం4 స్క్రూ, దాని కొసన గురి చూసే రింగు, బిగించడానికి చెక్‌నట్.

ఎం6 మర ఒక చుట్టుకు 1 మి.మీ. కదులుతుంది. కంటికీ రింగుకూ 90 సెం.మీ. ఉందనుకుంటే, ఆ ఒక్క చుట్టు బాణాన్ని 30 మీటర్ల దగ్గర 3.3 సెం.మీ., 70 దగ్గర 7.8 సెం.మీ. జరుపుతుంది. 122 సెం.మీ. టార్గెట్‌లో పదో వలయం వెడల్పు 12.2 సెం.మీ. కాబట్టి పావు చుట్టు సవరణలు చాలు. బాణాలు ఎటు పోతే రింగును అటే జరపాలి. పైన పడితే పైకి, ఎడమకు పోతే ఎడమకు. కొత్తవాళ్లు తిరగేసి చేసేది ఇక్కడే.

మరలో కాస్త ప్లే (వదులు) తప్పదు. దిమ్మ కింద స్ప్రింగ్ పెట్టండి, లేదా ఎప్పుడూ కింది నుంచి పైకే తిప్పి ఆపండి. బాణం వదిలినప్పుడల్లా విల్లు అదురుతుంది, స్క్రూలు వదులవుతాయి. నీలం థ్రెడ్‌లాకర్ (మరలు వదులవకుండా పట్టి ఉంచే జిగురు) ఒక చుక్క వేయండి. ఎరుపుది వద్దు, వేడి చేస్తే తప్ప ఊడదు. మీది సముద్రపు గాలి: అల్యూమినియంలో స్టీలు స్క్రూ బిగిస్తే తెల్లగా పూచి పట్టేస్తుంది. తరచూ విప్పే స్క్రూలకు గ్రీజు రాయండి.

తక్కువ బలం విల్లయితే 70 మీటర్లకు రింగు బాగా కిందికి దిగి, బాణం ఈకలకు తగలొచ్చు. అప్పుడు ముందు పట్టీని పొట్టి చేయండి. రింగు కంటికి దగ్గరయ్యేకొద్దీ దిగాల్సిన దూరమూ తగ్గుతుంది.

ప్రశ్న: 30 మీటర్లకు బాణాలు టార్గెట్ నడుమ పసుపులోనే పడుతున్నాయి. 50కి రింగు దించితే గుంపంతా 10 సెం.మీ. ఎడమకు పోతోంది. ఎందుకు?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: ముందు మీరు విల్లును పక్కకు వాల్చడం లేదని పక్కవాళ్ల చేత చూపించుకోండి. అది కాకపోతే నిలువు పట్టీ స్ట్రింగుకు సమాంతరంగా లేదు, కింది కొస కుడికి వాలి ఉంది. 50 మీటర్లకు 10 సెం.మీ. అంటే రింగు దగ్గర తేడా 1.8 మి.మీ. మాత్రమే. మామూలుగా చూస్తే కనబడదు. తాపీ మేస్త్రి తూకపు గుండు వేలాడదీసి, స్ట్రింగు ఆ దారాన్ని కప్పేలా విల్లును నిలిపి, వెనక నుంచి ఒక కన్నుతో చూడండి. రింగును పై కొస నుంచి కింది కొసకు దించుతున్నంతసేపూ దారానికి అంతే ఎడంలో ఉండాలి. లేకుంటే పట్టీ కీలు దగ్గర కూల్‌డ్రింకు టిన్ను రేకు ముక్క ఇరికించి బిగించండి. అప్పటికీ పోకపోతే సైటును వదిలి ప్లంజర్ (బాణం పక్కన ఆనే స్ప్రింగు బొత్తాం), బాణం స్పైన్ (బిగువు) చూసుకోండి.

ప్రశ్న: విజయవాడ జ్యోతి సురేఖ విల్లు సైటులో అద్దం కనిపిస్తుంది. నా రికర్వ్‌కు పెట్టుకోవచ్చా?
– ఒక విద్యార్థి, నెల్లూరు

జవాబు: పోటీల్లో కుదరదు. ఆమెది కాంపౌండ్, అంటే కొసల్లో చక్రాలుండే విల్లు. దానికి లెన్సు, బబుల్ లెవెల్ రెండూ ఒప్పుకుంటారు, రికర్వ్‌కు ఏదీ ఒప్పుకోరు. గురి గుర్తు కూడా ఒక్కటే ఉండాలి, గొట్టంలా ఉన్న రింగయితే చూపు దిశలో పొడవు 2 సెం.మీ. దాటకూడదు.