ఆరో తరగతిలో చేరిన పాప రోజూ కడుపునొప్పి అంటోంది, హాస్టల్లో వేసెయ్యమంటారా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. బజారులో చిన్న కిరాణా కొట్టు ఉంది. మా అమ్మాయి అయిదో తరగతి దాకా ఇంటి దగ్గరి స్కూల్లో చదివింది. అక్కడ పాఠం ఇంగ్లిష్‌లో ఉన్నా టీచర్లు తెలుగులోనో ఒడియాలోనో విడమరిచి చెప్పేవారు. ఈ ఏప్రిల్‌లో క్యాథలిక్ మిషన్ వాళ్ల హైస్కూల్లో ఆరో తరగతిలో చేర్చాం. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే కడుపునొప్పి అంటోంది. మొదటి టెస్టులో లెక్కల్లో 25కి 9 వచ్చాయి. డైరీలో టీచరమ్మ ఏదో రాస్తారు, నాకు సరిగ్గా అర్థం కాదు. మా అమ్మకి మతం భయం. మా బావమరిది తన కొడుకుని విశాఖపట్నంలో ఐఐటీ ఫౌండేషన్ (ఆరో తరగతి నుంచే ఐఐటీ పరీక్షకి తయారుచేసే కోచింగ్) ఉన్న హాస్టల్లో వేశాడు. "మీ పిల్లనీ అక్కడే వెయ్యండి, ఆంధ్రా లోకల్ కూడా వస్తుంది" అంటున్నాడు. రెండూ పోల్చి చెప్పండి. ర్యాంకు వచ్చే అవకాశం ఎక్కడ ఎక్కువ?

జవాబు: అయ్యా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో మార్కులున్నాయి, ర్యాంకు ఉంది, లోకల్ ఉంది, బావమరిది కొడుకు కూడా ఉన్నాడు. పాపకి ఆ స్కూల్లో ఒక్క స్నేహితురాలైనా దొరికిందా అన్నది మాత్రం లేదు. మధ్యాహ్నం డబ్బా ఎవరి పక్కన కూర్చుని తింటోందో మీకు తెలుసా? కొత్త బడిలో చేరిన పదకొండేళ్ల పిల్లకి మొదటి మూడు నెలలూ అదే పెద్ద పరీక్ష.

ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వేసవి సెలవులు అయిపోగానే బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం నుంచి వస్తాయి. అన్నిట్లోనూ "ఏ స్కూలు మంచిది" అనే అడుగుతారు. మీ ఉత్తరంలో అసలు మాట ఒక్క వాక్యంలో ఉంది: డైరీలో ఏం రాశారో నాకు అర్థం కాదు. పిల్ల నా చెయ్యి దాటిపోతోంది, నేనేం సాయం చెయ్యలేకపోతున్నాను అన్న దిగులు మీది. అందుకే, చదువు బాధ్యత మొత్తం ఎవరైనా తీసేసుకుంటే బాగుండు అనిపిస్తోంది. హాస్టల్ వాళ్లు సరిగ్గా ఆ మాటే చెప్పి పిల్లల్ని చేర్చుకుంటారు. మీ దిగులు నాకు అర్థమైంది. దానికి మందు హాస్టల్లో లేదు.

ముందు కడుపునొప్పి సంగతి. ఒకసారి డాక్టరుకి చూపించండి, నటిస్తోందని తేల్చెయ్యకండి. ఆదివారాలు, పండగ సెలవుల్లో కూడా వస్తోందా గమనించండి. బడి ఉన్న రోజే వస్తే అది భయం వల్ల వచ్చే నొప్పి కావచ్చు, అయినా నిజమైన నొప్పే. ఇంకో మాట వాళ్లమ్మతో అడిగించండి. కొత్త బడిలో బాత్రూమ్‌కి వెళ్లాలంటే ఇంగ్లిష్‌లో అడగాలి కదా అని సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా కూర్చునే ఆడపిల్లల్ని చాలామందిని చూశాను. నెలసరి గురించి కూడా వాళ్లమ్మ ఇప్పుడే చెప్పి ఉంచడం మంచిది. అది మొదటిసారి క్లాసులో వస్తే ఏం చెయ్యాలో, ఏ టీచరు దగ్గరికి వెళ్లాలో తెలిసిన పిల్లకి సగం భయం పోతుంది.

తర్వాత ఆ తొమ్మిది మార్కులు. ప్రశ్నపత్రం తీసి, అందులో తప్పు చేసిన లెక్కలు ఎవరి చేతనైనా తెలుగులో చదివించి పాప చేత చేయించండి. తెలుగులో చెప్తే చేసేసిందా? అయితే లెక్క వచ్చు, ప్రశ్నలోని ఇంగ్లిష్ రాలేదు. ఆరు నెలలు సాయం చేస్తే అది వచ్చేస్తుంది. తెలుగులో చెప్పినా చెయ్యలేకపోతే అయిదో తరగతి భిన్నాల దగ్గరే ఎక్కడో ఆగిందన్నమాట. దానికి మీ కొట్టుని మించిన క్లాసు లేదు. పావు కిలో, అర కిలో, ముప్పావు కిలో తూకం వేయించండి. కిలో పప్పు ఇంత అయితే ముప్పావు ఎంతో చెప్పమనండి. రాత్రి పది నిమిషాలు "ఇవాళ ఏం చెప్పారో నాకు తెలుగులో చెప్పు" అని అడగండి. తెలుగులో చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే, ఇంగ్లిష్ మాటలు దాని మీద మెల్లగా చేరతాయి. ఇది నేను కొత్తగా కనిపెట్టింది కాదు. మీ ఊళ్లోనే 1880లో పంతులుగా చేరిన గిడుగు రామమూర్తి గారు కొండల్లో ఉండే సవర గిరిజనుల పిల్లలకు వాళ్ల మాటలోనే చదువు చెప్పాలని తాను సవర భాష నేర్చుకున్నారు, ఆ భాషలో వాచకాలు రాశారు. ఈ రోజుకీ మీ జిల్లాలో కొండ మీది నుంచి మిషన్ హాస్టళ్లకు వచ్చి చదువుకునే సవర పిల్లలున్నారు. ఇంట్లో సవర, బయట ఒడియా, బళ్లో ఇంగ్లిష్, హిందీ. మీ అమ్మాయి క్లాసులో అలాంటి పిల్ల ఉంటే పక్కన కూర్చోమనండి. ఇద్దరికీ ఇబ్బంది ఒకటే కాబట్టి ఒకరి ముందు ఒకరు సిగ్గుపడరు.

బళ్లో తెలుగు లేదు కాబట్టి ఇంట్లో కూడా మానేసి వచ్చీరాని ఇంగ్లిష్ మాట్లాడాలని చూసే తల్లిదండ్రులున్నారు. దయచేసి ఆ పని చెయ్యకండి.

మీ అమ్మగారి భయం గురించి కూడా నిదానంగానే చెప్తాను, పెద్దావిడని నోరు మూయించాల్సిన విషయం కాదిది. రాజ్యాంగం 28వ అధికరణం మూడో భాగం ప్రకారం ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఏ విద్యాసంస్థలోనూ పిల్లల్ని మతబోధకు గానీ ప్రార్థనకు గానీ తప్పనిసరిగా కూర్చోబెట్టకూడదు. మైనరు పిల్లలైతే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. 2024లో దేశంలోని క్యాథలిక్ బిషప్పుల మండలి కూడా తమ స్కూళ్లకు మార్గదర్శకాలిస్తూ, ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దనీ, పొద్దున అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమనీ చెప్పింది. మామూలుగా ఈ స్కూళ్లలో క్యాథలిక్ పిల్లలకు వాళ్ల మతపాఠం ఉంటే మిగతావాళ్లకు అదే పీరియడ్‌లో నీతిపాఠం ఉంటుంది. బొట్టు, గాజులు, పూల విషయంలో ఒక్కో స్కూలు పద్ధతి ఒక్కోలా ఉంటుంది. ప్రిన్సిపల్ సిస్టర్‌ని గానీ ఫాదర్‌ని గానీ మీరే వెళ్లి అడగండి. పాపని మధ్యలో పెట్టి "మీ టీచర్ని అడుగు" అనొద్దు. ఇంట్లో నానమ్మ ఒకటి, బళ్లో సిస్టర్ ఒకటి చెప్తుంటే నలిగిపోయేది ఆ పిల్ల.

ఇక మీరు పోల్చమన్న విషయం. పదేళ్ల కిందట నన్నడిగితే ఆరు నుంచి ఫౌండేషన్ మంచిదే అనేవాణ్ణి. కొందరికి అలా చెప్పాను కూడా. ఇప్పుడు చెప్పను. వెళ్లినవాళ్లలో తొమ్మిదో తరగతికల్లా తిరిగొచ్చిన పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడాను కాబట్టి చెప్పను. లెక్కలంటే ఇష్టంగా వెళ్లిన పిల్లలు పుస్తకం తెరవడానికే భయపడుతూ వచ్చారు. ఐఐటీ సీటు కోసం రాసే జేఈఈ పరీక్షలో వచ్చేది పదకొండు, పన్నెండు తరగతుల పాఠం. దాన్ని పలచన చేసి పదకొండేళ్ల పిల్లకి వర్క్‌షీట్లుగా పెడితే ఎక్కువమంది నేర్చుకునేది జవాబు గుర్తుపెట్టుకోవడమే. 2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది, పదహారేళ్లు నిండని పిల్లల్ని చేర్చుకోవద్దని. స్కూలు పేరు పెట్టుకుని అదే కోచింగ్ నడిపితే పిల్ల వయసేమీ పెరగదు కదా! ఏటా పది లక్షలకు పైగా పిల్లలు జేఈఈ మెయిన్ రాస్తారు, ఐఐటీలన్నీ కలిపి సీట్లు సుమారు 18 వేలు. ఆ సీటు కోసం కష్టపడటం తప్పు కాదు. ఆడపిల్లలకు అదనపు సీట్లు కూడా ఉన్నాయి, మీ అమ్మాయి పదో తరగతిలో "ఆ సీటు నాకు కావాలి" అంటే తప్పకుండా ప్రయత్నించనివ్వండి. ఇంగ్లిష్‌లో ప్రశ్న చదవలేక బెదిరిపోతున్న పిల్లని అమ్మానాన్నల నుంచి విడదీసి, వారం వారం ర్యాంకు గోడకంటించే చోట పడేస్తే ఆ బెదురు పోతుందని మీరెలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. ఇంటి నుంచి వెళ్తేనే కడుపునొప్పి వస్తున్న పిల్లని ఇల్లే లేకుండా చేస్తారా?

కోపంగా రాశాను. పోల్చమన్నారు కాబట్టి ఒక్క మాట ఒప్పుకుంటాను: కొందరు పిల్లలు హాస్టల్లో బాగా చదువుతారు. వాళ్లు వెళ్తానని వాళ్లే అడుగుతారు.

లోకల్ సంగతి మీ బావమరిది సగమే చెప్పారు. ఆంధ్రలో ఇంజినీరింగ్ లాంటి కోర్సుల సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లవే. అయితే లోకల్ అవడానికి చూసేది ముఖ్యంగా ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్ల చదువు, అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు ఒకే లోకల్ ఏరియాలో చదివి ఉండాలి. కాబట్టి లోకల్ కోసమే అయినా ఆరో తరగతిలో పరుగెత్తాల్సిన పని లేదు. ఎనిమిదో తరగతి చివర, పాపని కూడా కూర్చోబెట్టుకుని, అప్పటి నిబంధనలు చూసుకుని నిర్ణయించుకోవచ్చు. కావాలంటే నది దాటితే పాతపట్నమే, ఆంధ్ర చదువుకు విశాఖ దాకా వెళ్లక్కర్లేదు కూడా. మీ చేతిలో దాదాపు మూడేళ్ల సమయం ఉంది.

ఈ శనివారం కొట్టు ఒక్క గంట ఎవరికైనా అప్పగించి డైరీ పట్టుకుని స్కూలుకి వెళ్లండి. మంచి చొక్కా వేసుకోలేదనో ఇంగ్లిష్ రాదనో గేటు దగ్గర ఆగకండి. కొట్లో రోజూ సగం బేరం ఒడియాలోనే చేస్తారు కదా, టీచరమ్మతో ఒడియాలోనే మాట్లాడండి. డైరీలో రాసింది చదివి చెప్పమని అడగండి. "నాకు ఇంగ్లిష్ రాదు, ముఖ్యమైనది ఉంటే ఒడియాలో ఒక లైను రాయండి" అని చెప్పండి. అలా అడిగిన తండ్రిని తక్కువగా చూసే టీచర్లు నాకు అరుదుగా కనిపించారు. పాపని పక్కనే నిలబెట్టుకుని అడగండి, నాన్నకి తెలియనిది నాన్న అడిగి తెలుసుకోవడం ఆ పిల్ల చూడాలి. పై తరగతిలో తెలుగు ఇంటి అమ్మాయి ఎవరైనా ఉంటే నెల రోజులు పాపని కాస్త చూసుకోమని చెప్పించమని కూడా అడగండి. ఇంటికొచ్చే దారిలో మార్కుల మాట ఎత్తకుండా, డబ్బా ఎవరితో తింటున్నావమ్మా అని అడగండి. దసరా సెలవులకి ముందు ఏం జరిగిందో నాకు మళ్లీ రాయండి.