ఫౌండేషన్ సంగతి తర్వాత, ముందు ఆ ట్యూబు సంగతి చూద్దాం

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. నాకు 27 ఏళ్ళు. మాది ఖమ్మం. పెళ్ళయి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్ళూ ఇంట్లోనే ఉన్నాను, ఈ మధ్యే ఒక ప్రైవేటు బ్యాంకులో చేరాను. రోజూ నలుగురిలోకి వెళ్ళాలి కాబట్టి బాగా తయారవ్వాలని ఉంది. నాది చామనఛాయ. ఏ రంగులు నప్పుతాయి? ఎన్ని జతలుంటే సరిపోతాయి? రోజూ చీర కట్టుకోవచ్చా? ఏ ఫౌండేషన్ వాడాలి? బుగ్గల మీద మంగు వస్తే మా వీధిలో మెడికల్ షాపతను ఒక ట్యూబు ఇచ్చాడు. 8 నెలలుగా రాత్రిళ్ళు రాస్తున్నాను. మొదటి నెలలోనే తెల్లబడ్డాను. ఇప్పుడు రెండ్రోజులు మానేస్తే ముఖం ఎర్రబడి మండుతోంది, పొక్కులు వస్తున్నాయి. బుగ్గల మీద నూగు కూడా పెరిగింది. అవన్నీ కనపడకుండా కప్పే ఫౌండేషన్ చెప్పండి. లెగ్గింగ్స్ వేసుకుంటే తొడల మధ్య దురద వస్తుంది, దానికీ ఈ ట్యూబే పనిచేస్తోంది. పీరియడ్స్ ముందు నుంచీ రెండు నెలలకోసారే. నన్ను చూసి మా చెల్లి (16 ఏళ్ళు) కూడా అదే రాసుకుంటోంది. (ఓ పాఠకురాలు)

జవాబు: అమ్మా, మీరు బట్టల గురించి, ఫౌండేషన్ గురించి అడిగారు. చెబుతాను. కానీ మీ ఉత్తరంలో నన్ను కలవరపెట్టింది ఆ ట్యూబు. దాని పేరు కూడా మీరు రాయలేదు. 8 నెలలుగా ముఖానికి రాస్తున్న మందు పేరు రాయాలని కూడా తోచలేదంటే, అది మందని మీకు ఎవరూ చెప్పి ఉండరు.

ముఖం చూడకుండా ఇదీ జబ్బు అని తేల్చకూడదు, నేనూ తేల్చడం లేదు. అయితే రాసిన నెలలోనే తెల్లబడటం, మానితే ఎరుపు, మంట, పొక్కులు, ఆపైన నూగు, ఇవన్నీ ఒక్కరిలోనే కనిపిస్తే చర్మవ్యాధుల డాక్టరుకి ముందుగా వచ్చే అనుమానం స్టెరాయిడ్ మీదే. మంగుకి ఇచ్చే ట్యూబుల్లో సాధారణంగా మూడు మందులు కలిసి ఉంటాయి: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటితోపాటు మొమెటాసోన్ లాంటి ఒక స్టెరాయిడ్. ఈ కలయికను మేమూ రాస్తాం. కానీ కొద్ది వారాలకే రాస్తాం, మధ్యలో పిలిచి చూస్తాం, తగ్గగానే ఆపేస్తాం. 8 నెలలు మాత్రం ఎవరికీ రాయం.

స్టెరాయిడ్ చర్మంలోని సన్నటి రక్తనాళాలను కుంచించుకుపోయేలా చేస్తుంది. అందుకే ముఖం పాలిపోయి తెల్లగా కనిపిస్తుంది. అదే పనిగా రాస్తూ పోతే చర్మం పలచబడుతుంది. మానేసిన రెండు మూడు రోజులకి ఆ నాళాలు ఒక్కసారిగా విప్పారి ముఖం ఎర్రబడుతుంది, మంట పుడుతుంది. మానడం వల్లే ఇలా అయిందనుకుని మళ్ళీ రాస్తారు. రాయగానే చల్లబడుతుంది. అలా చర్మం ఆ ట్యూబుకి అలవాటు పడిపోతుంది. రెప్పల దాకా పూసే అలవాటుంటే నెలల తరబడి వాడకం వల్ల కంటిలో ఒత్తిడి పెరిగే ప్రమాదం కూడా ఉంది. మీకు చూపు మసకగా ఉంటే కంటి డాక్టరుకి కూడా చూపించుకోవాలి.

ఈ ఉదయం ఒకమ్మాయి వచ్చింది. ముఖమంతా చున్నీ చుట్టుకుంది, కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. తలుపు వేశాకే విప్పింది. రెండు బుగ్గల మీదా ఎర్ర దారపు పోగులు అంటించినట్టు రక్తనాళాలు. వేలితో నొక్కితే పాలిపోయి, వేలు తీయగానే మళ్ళీ ఎర్రబడుతున్నాయి. పొయ్యి సెగ తగిలితే చాలు ముఖం భగ్గుమంటోందట, పోపు వేసి పక్క గదిలోకి పరిగెత్తుతోందట. బ్యాగులోంచి ట్యూబు తీసి బల్ల మీద పెట్టింది. టూత్‌పేస్టు అయిపోవచ్చినప్పుడు చేసినట్టు కింద నుంచి మడతలు పెట్టి, చివరి చుక్క దాకా పిండి ఉంది. ఇది ఎన్నో ట్యూబమ్మా అని అడిగితే వేళ్ళు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసి తల దించుకుంది. ఆమె తప్పేం లేదు. అడగ్గానే ఇచ్చిన వాళ్ళున్నారు కాబట్టే కొంది.

2018లో కేంద్ర ఆరోగ్యశాఖ 14 రకాల స్టెరాయిడ్ పైపూత మందులను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడదు. అయినా ‘అన్నా, తెల్లబడటానికి ఏదైనా ఇవ్వు’ అంటే చేతిలో పెట్టేస్తున్నారు. ఒక్కసారి ఆ ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్, ఫ్లూసినోలోన్ లాంటి పేరేదైనా కనిపించిందా, అది స్టెరాయిడ్. చదువుకున్నవారు, బ్యాంకులో పనిచేస్తున్నారు. ఎవరైనా ఒక కాగితం ఇస్తే చదవకుండా సంతకం పెట్టరు కదా! ముఖానికి రాసేదాన్ని మాత్రం ఎందుకమ్మా చదవకుండా రాశారు?

ట్యూబు మీద ఏదో ఒకటి రాసైనా ఉంటుంది. పేరూ ఊరూ లేని డబ్బాల్లో కొందరు అమ్మే తెల్లబరిచే క్రీములు ఇంకా ప్రమాదం. వాటిలో కొన్నింట్లో పాదరసం ఉంటుంది. 2023లో కేరళలోని మలప్పురం జిల్లాలో ఇలాంటి క్రీములు వాడినవాళ్ళలో మూత్రంలో ప్రొటీన్ పోయే కిడ్నీ జబ్బును అక్కడి డాక్టర్లు గుర్తించారు. ముఖానికి రాస్తే కిడ్నీకి ఏమవుతుందిలే అనుకోవద్దు. చర్మం గుండా పాదరసం లోపలికి వెళ్తుంది. మీరు అలాంటి డబ్బా ఏదైనా వాడి ఉంటే, కాళ్ళ వాపు గానీ మూత్రంలో నురగ గానీ కనిపిస్తే, ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

ఇప్పుడేం చేయాలి? ఈ వారంలోనే చర్మవ్యాధుల డాక్టరుకి చూపించుకోండి. ట్యూబును ఒక్కసారిగా మానాలా, మెల్లగా తగ్గించాలా అన్నది అందులో ఎంత ఘాటు స్టెరాయిడ్ ఉందో, మీ చర్మం ఎలా ఉందో చూసిన డాక్టరే చెప్పాలి. మానాక కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు ముఖం ఇబ్బంది పెడుతుంది. ఆ మంట తట్టుకోవడానికి స్టెరాయిడ్ కాని మందులు ఉన్నాయి. వాటి పేర్లు ఇక్కడ రాయను. రాస్తే చదివినవాళ్ళు అవీ షాపులో అడిగి కొనుక్కుంటారన్నది నా భయం. అప్పటిదాకా గాఢత లేని ఫేస్‌వాష్, వాసన లేని మాయిశ్చరైజర్ చాలు. ఫేషియల్, బ్లీచ్, స్క్రబ్, నిమ్మరసం, శనగపిండితో రుద్దడం అన్నీ ఆపేయండి. త్రెడింగ్, వాక్సింగ్ జోలికీ వెళ్ళకండి, పలచబడిన చర్మం ఊడి రావచ్చు.

సన్‌స్క్రీన్ మాత్రం మానవద్దు. ఎస్‌పీఎఫ్ 30 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్నది తీసుకోండి. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండితే వచ్చేంత క్రీము ముఖానికీ మెడకీ కావాలి. చాలామంది బఠాణీ గింజంత రాసి పనిచేయలేదంటారు. మంగుకి ఎండలోని అతినీలలోహిత కిరణాలే కాక మామూలు వెలుతురు కూడా కారణమే. అందుకే ఐరన్ ఆక్సైడ్ కలిసిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ మీలాంటి వాళ్ళకి మేలు. అది చర్మం రంగులో కలిసిపోయి మంగును కొంత కప్పుతుంది కూడా. చర్మం ఇప్పుడు మండుతోంది కాబట్టి ముందు చెవి వెనక రాసి చూసుకోండి.

నూగు సంగతి. స్టెరాయిడ్ వల్ల కావచ్చు. కానీ పీరియడ్స్ ముందు నుంచీ రెండు నెలలకోసారే అన్నారు, అదీ ఏదో చిన్న విషయమన్నట్టు. 27 ఏళ్ళ వయసులో అది చిన్న విషయం కాదమ్మా. పీసీఓఎస్ (హార్మోన్ల తేడా వల్ల పీరియడ్స్ ఆలస్యమై, ముఖం మీద నూగు పెరిగే సమస్య) ఉందేమో, థైరాయిడ్ ఎలా ఉందో చూడాలి. గైనకాలజిస్టుని కలవండి, రక్తపరీక్షలు, స్కానింగ్ ఏవి కావాలో ఆమె చెబుతారు. ఇంకో మాట. పెళ్ళయి ఏడాదిన్నర అన్నారు. పిల్లల కోసం చూస్తుంటే ఆ సంగతి ఇద్దరు డాక్టర్లకీ చెప్పండి. ఈసారి నెల తప్పితే ‘ఎప్పుడూ ఆలస్యమే కదా’ అని ఊరుకోకుండా ముందు ప్రెగ్నెన్సీ పరీక్ష చేసుకోండి. ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ గర్భిణులు వాడకూడదని చెబుతాం. కంగారు పడమని అనడం లేదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను.

తొడల మధ్య దురద తామర కావచ్చు. దానికి స్టెరాయిడ్ రాస్తే రెండ్రోజుల్లో దురద తగ్గినట్టుంటుంది, లోపల ఫంగస్ మాత్రం చక్కగా పెరుగుతుంది. కొన్నాళ్ళకి తామర గుండ్రటి అంచు పోయి, చూసిన డాక్టరుకి కూడా పోల్చుకోవడం కష్టమవుతుంది. పైగా ఆ మెత్తటి చర్మం మీద చారలు పడితే అవి పూర్తిగా పోవు. ఈ రెండు మూడేళ్ళుగా నా దగ్గరికొచ్చే తామర కేసుల్లో ముందే ఏదో ఒక ట్యూబు రాయనివాళ్ళు అరుదు. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్ళకీ ఒకేసారి వైద్యం జరగాలి. తువ్వాలు ఎవరిది వాళ్ళదే ఉండాలి.

బట్టల విషయానికి వద్దాం. చామనఛాయకి నప్పని రంగంటూ లేదు, మీ మనసుకి నచ్చింది కట్టుకోండి. నేను చెప్పేది గుడ్డ గురించి. ఖమ్మం ఎండలకి పాలిస్టర్ కుర్తీ, దాని కింద బిగుతు లెగ్గింగ్స్ వేసుకుని రోజంతా కూర్చుంటే చెమట ఎటు పోతుంది? మంగళగిరి, నారాయణపేట, వెంకటగిరి నూలు మన దగ్గరే ఉంది. వదులు కుర్తీ, గాలాడే కాటన్ ప్యాంటు లేదా పటియాలా వేసుకోండి. గంజి మరీ గట్టిగా పెట్టించకండి, చంకల్లో ఒరుసుకుంటుంది. ఎన్ని జతలంటే, చెమట పట్టిన జత ఉతక్కుండా మళ్ళీ ఒంటి మీదికి రానన్ని. ఐదారు జతలు చాలు. వానాకాలంలో బట్టలు ఆరవు కాబట్టి ఇంకో రెండు పెట్టుకోండి. లోదుస్తులు మాత్రం రెట్టింపు ఉండాలి, పూర్తిగా ఆరినవే వేసుకోవాలి. మీకు తామర ఉందని తేలితే రంగు, డిజైన్ కంటే ఈ లెక్కే ముఖ్యం.

చీర రోజూ కట్టుకోవచ్చు. లంగా బొందు మాత్రం బిగించి ఒకేచోట కట్టకండి. నడుము మీద నల్లటి గీత పడి, దురద పెట్టి, పుండైన వాళ్ళని చూస్తుంటాం. ఏళ్ళ తరబడి మానని అలాంటి పుండు క్యాన్సర్‌గా మారిన ఇద్దరు మహిళల గురించి 2024లో ఒక వైద్య పత్రికలో వచ్చింది. చాలా చాలా అరుదు, ఇద్దరూ పెద్ద వయసువాళ్ళు. మీరు భయపడక్కర్లేదు గానీ సన్నటి తాడుకి బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకోండి, ఇంటికి రాగానే వదులు చేసుకోండి. అమ్మకో అత్తయ్యకో నడుము దగ్గర మానని పుండు ఉంటే ఒకసారి చూపించమనండి. స్టిక్కర్ బొట్టు పెట్టేచోట దురదగా ఉన్నా, తెల్లగా మారుతున్నా వెంటనే మానేయండి. ఆ జిగురులోని రసాయనం కొందరికి తెల్లమచ్చ తెస్తుంది.

ఫౌండేషన్ ఇప్పుడు వద్దు. మండుతున్న చర్మం మీద పూత వేస్తే పొక్కులు పెరుగుతాయి, డాక్టరుకి అసలు చర్మం కనిపించదు. ముఖం నెమ్మదించాక, డాక్టరు సరేనన్నాక కొనుక్కోండి. మణికట్టు మీద రాసి చూడకండి, దవడ అంచున రాసుకుని షాపు గుమ్మంలోకి వచ్చి పగటి వెలుగులో అద్దం చూసుకోండి. ఎక్కడ రాశారో కనిపించకుండా కలిసిపోయిందే మీ షేడు. అమ్మేవాళ్ళు రెండు మెట్లు తెల్లగా ఉన్నది అంటగడతారు, తీసుకోకండి. ట్యూబు మానాక మీ సొంత రంగు తిరిగి వస్తుంది. 8 నెలలుగా అద్దంలో చూస్తున్న తెలుపు మీది కాదు, కాబట్టి ఇప్పుడు ఏ షేడు కొన్నా అప్పటికి సరిపోదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళేరోజు ముఖానికి ఏమీ రాసుకోవద్దు. ట్యూబు ఖాళీ అయినా పారేయకుండా తీసుకెళ్ళండి, మొదలుపెట్టకముందు దిగిన ఫొటో ఫోన్‌లో ఉంటే అదీ చూపించండి, చివరిసారి పీరియడ్ వచ్చిన తేదీ రాసిపెట్టుకోండి. చెల్లిని కూడా వెంటబెట్టుకుని వెళ్ళండి. ఎన్నాళ్ళుగా రాస్తోందో డాక్టరు ముందు మీరు చెప్పకండి, ఆ పిల్లనే చెప్పనివ్వండి. మీకు తెలిసినదానికంటే ఎక్కువే ఉండొచ్చు.