నాలుగు నెలలుగా ముక్కు చుక్కలు... ముందు అవి ఆపాలి

ప్రశ్న: నా వయసు 38. రాత్రి పడుకుంటే ఒక ముక్కు బిగదీసుకుపోతుంది. కాసేపటికి అది తెరుచుకుని రెండోది మూసుకుంటుంది. నాలుగు నెలలుగా జైలోమెటాజోలిన్ చుక్కలు వేసుకుంటేనే నిద్ర పడుతోంది. బీపీ మాత్ర వాడుతున్నాను. ముక్కు దూలం వంకరగా ఉందేమో? ఆపరేషన్ చేయించుకోవాలా?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దూలం సంగతి తర్వాత. ముందు ఆ చుక్కల గురించి మాట్లాడుకోవాలి. వరసగా అయిదు రోజులు దాటి వాడాల్సిన మందు కాదది. మీకు బీపీ కూడా ఉంది. నాలుగు నెలల్లో ఒక్కసారైనా డాక్టరుకు చూపించుకోవాల్సింది.

ముక్కులు మార్చి మార్చి బిగుసుకోవడం చాలామందిలో సహజం. ముక్కు లోపలి పక్క గోడలకు టర్బినేట్లనే ఎముక మడతలు ఉంటాయి. వాటిమీద రక్తనాళాలు నిండిన మెత్తటి పొర ఉంటుంది. పీల్చిన గాలిని వెచ్చబరిచి, తేమ పట్టించి లోపలికి పంపేది అదే. కొన్ని గంటలకోసారి ఒకవైపు పొర ఉబ్బుతుంది, రెండోవైపు తగ్గుతుంది. పక్కకు తిరిగి పడుకుంటే కిందివైపు ముక్కు మరింత బిగుస్తుంది. ముక్కు రంధ్రానికి సుమారు ఒకటిన్నర సెంటీమీటర్ల లోపల గాలిదారి బాగా ఇరుకు. అక్కడ పొర కాస్త వాచినా ఊపిరి ఆడనట్టే ఉంటుంది. దూలం వంకరైతే సాధారణంగా ఒకేవైపు ఇబ్బంది ఎక్కువ. మీరు రాసింది అలా లేదు, కానీ ఎండోస్కోపీతో చూడకుండా లేదనీ అనలేను. కొద్దిపాటి వంకర ఎంతోమందికి ఉంటుంది, దానికి ఆపరేషన్ అక్కర్లేదు.

చుక్కలు రక్తనాళాలను ముడుచుకునేలా చేస్తాయి. మందు ప్రభావం తగ్గగానే అవి మునుపటికన్నా ఎక్కువ ఉబ్బుతాయి. మళ్లీ చుక్క, మళ్లీ వాపు. రానురానూ మందు పనిచేసే సమయమూ తగ్గిపోతుంది. సీసా అయిపోగానే షాపులో ఇంకోటి అడిగి తెచ్చుకోవడం వల్లే ఇంతదూరం వస్తుంది. అలాగే, ముక్కు దిబ్బడకని షాపులో ఇచ్చే జలుబు మాత్రల్లో కొన్ని బీపీని పెంచుతాయి. అవీ సొంతంగా వేసుకోకండి.

ఈఎన్‌టీ డాక్టరును కలవండి. సాధారణంగా వాపు తగ్గించే మొమెటాసోన్ లేదా ఫ్లూటికాసోన్ అనే స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, చుక్కలు ముందు ఒక ముక్కులో మాన్పిస్తాం. అది తెరుచుకున్నాక రెండోదాంట్లో. స్ప్రే ప్రభావం పూర్తిగా తెలియడానికి వారం, రెండు వారాలు పడుతుంది. ఆ మొదటి రోజుల్లోనే చాలామంది తట్టుకోలేక మళ్లీ సీసా తీస్తారు. తలకింద ఇంకో దిండు పెట్టుకుని ఓర్చుకోండి. స్ప్రే కొట్టేటప్పుడు తల కాస్త ముందుకు వంచి, కుడిచేత్తో ఎడమ ముక్కులో, ఎడమచేత్తో కుడి ముక్కులో, మొన చెవివైపు ఉండేలా పట్టుకోండి. మధ్య దూలానికి తగిలితే పుండుపడి రక్తం వస్తుంది.

ఉప్పునీటితో కడగడమూ మేలు చేస్తుంది. కాచి చల్లార్చిన 240 మిల్లీలీటర్ల నీళ్లలో అర టీస్పూను అయోడిన్ కలపని ఉప్పు, చిటికెడు వంటసోడా చాలు. కుళాయి నీళ్లు నేరుగా వద్దు.

గురక సంగతి మీరు రాయలేదు. నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తున్నారేమో ఇంట్లోవాళ్లను అడగండి. బీపీ ఉన్నవాళ్లలో అది పట్టించుకోవాల్సిన విషయం. ఎప్పుడూ ఒకే ముక్కు మూసుకుపోయి రక్తం పడుతున్నా, చెంప మొద్దుబారినా, కన్ను వాచినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.