డీఫ్రాస్టర్ (అద్దం మీద మసక పోగొట్టే గాలి) ఫుల్‌లో పెట్టినా కారు ముందు అద్దం మసక పోవట్లేదా? ఇది చూడండి

మసక పోవట్లేదని అడిగినవాళ్లకి ఇది నా జవాబు. ఫ్యాన్ సౌండ్ గట్టిగా వస్తూ గాలి మాత్రం సన్నగా వస్తోందన్నారు కదా, అయితే హీటర్ కాదు, గాలి దారే ఎక్కడో మూసుకుపోయింది. క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలికొచ్చే గాలిని వడకట్టేది) మార్చాక కూడా అంతే అంటున్నారు కాబట్టి నా అనుమానం వైపర్ల కింద ఉండే, బయటి గాలి లోపలికి వచ్చే జాలీ మీద.

1. ఇంజిన్ ఆన్‌లో పెట్టి రీసర్క్యులేషన్ బటన్ (బయటి గాలి ఆపి కారు లోపలి గాలినే తిప్పేది) ఒకసారి నొక్కి ఆన్ చేయండి. గాలి ఒక్కసారిగా పెరిగిందా? అయితే బయటి గాలి వచ్చే దారి బ్లాక్ అయినట్టే.

2. బానెట్ ఎత్తి ఆ జాలీలో చెయ్యి పెట్టి చూడండి. అందరూ వదిలేసేది ఇదే, పైపైన ఆకులు తీసేసి అయిపోయిందనుకుంటారు, కానీ లోపల మూలన ఆకులు కుళ్లి తడి పేడముద్దలా అతుక్కుపోయుంటాయి, నాకైతే గుప్పెడు వచ్చింది, ఆ తడి వల్లే అద్దానికి ఇంకా ఆవిరి పడుతుంది. చేత్తో తీయండి, పైపుతో నీళ్లు కొడితే చెత్త లోపలికి పోతుంది.

3. తర్వాత రీసర్క్యులేషన్ ఆఫ్ చేసి, ఏసీ ఆన్ చేసి, వేడి గాలి అద్దం మీదకి పెట్టండి. ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది, చలికాలమైనా ఆపొద్దు.

బటన్ నొక్కినా గాలి పెరగకపోతే ఫిల్టర్ మీద బాణం గుర్తు సరిగ్గా ఉందో లేదో చూసి చెప్పండి.